నిద్రపోతున్న వైరస్‌ను మరో వైరస్ లేపుతుందా?

హాస్టల్‌లో ఒకరికి ఆటలమ్మ వస్తే రెండు వారాలు తిరిగేసరికి మరో నలుగురికి వస్తుందని మనందరికీ తెలుసు. వేపాకు మంచం పక్కన పెట్టడం, పథ్యం చేయడం, పొక్కులు ఎండి రాలాక తలస్నానం చేయించడం, ఆ తర్వాత పుస్తకాలు పట్టుకొని బడికి వెళ్ళడం మనం చూస్తూనే ఉంటాం. "అమ్మవారు దిగిపోయింది" అని ఇంట్లో పెద్దవాళ్ళు ఊపిరి పీల్చుకుంటారు. జబ్బు దిగిపోయిన మాట నిజమే. కాని ఆ జబ్బు తెచ్చిన వైరస్ మాత్రం ఒంట్లోంచి పోదు. వెన్నుపాము పక్కనున్న నరాల ముడుల్లో చేరి, ఏళ్ళ తరబడి, చాలామందిలో జీవితాంతం నిద్రపోతూ ఉంటుంది.

అలా నిద్రపోయే వైరస్‌లు మన ఒంట్లో ఒకటి కాదు, మూడు నాలుగు ఉంటాయి. వాటిలో ఒకటి మేల్కొంటే రెండోదాన్ని కూడా లేపగలదా అన్న ప్రశ్న మీద ప్రపంచమంతటా పరిశోధన జరుగుతోంది. కిడ్నీ జబ్బుతో బాధపడుతున్న మన ఉద్దానం ప్రాంతానికి ఈ విషయం దూరమైనది కాదు. అందుకే వార్షికోత్సవ సంచికలో దీన్ని గురించి తెలియజేయాలని మేము అనుకున్నాము.

హెర్పిస్ కుటుంబం

మనుషులకు సోకే హెర్పిస్ వైరస్‌లు తొమ్మిది. పేరు కొత్తగా అనిపించినా వీటిలో చాలావాటితో మనకు పాత పరిచయమే.

హెర్పిస్ సింప్లెక్స్ ఒకటవ రకం మూతి మీద పొక్కులు తెస్తుంది. రెండవ రకం ఎక్కువగా జననాంగాల దగ్గర పుండ్లు తెస్తుంది. వారిసెల్లా జోస్టర్ అనేది ఆటలమ్మ వైరస్. ఎప్‌స్టీన్-బార్ వైరస్‌ను 1964లో ఇంగ్లండులో కనుగొన్నారు. ఇది చిన్నతనంలో మామూలు జ్వరంలా వచ్చిపోతుంది, కొందరు యువతీయువకుల్లో గొంతు నొప్పి, గ్రంథుల వాపు తెస్తుంది. సైటోమెగలో వైరస్ మన దేశంలో పెద్దవాళ్ళలో అత్యధికుల ఒంట్లో ఉంటుంది, ఆరోగ్యంగా ఉన్నంతకాలం దాని ఉనికే తెలియదు. ఆరవ హెర్పిస్ వైరస్‌లో ఏ, బి అని రెండు రకాలున్నాయి, వీటిని రెండుగానే లెక్కిస్తారు. ఈ ఆరవ వైరస్, ఏడవ వైరస్ పసిపిల్లలకు జ్వరం, ఆ తర్వాత ఒంటిమీద ఎర్రని దద్దు తెస్తాయి. ఎనిమిదవది 1994లో బయటపడింది. ఇది ఎయిడ్స్ రోగుల్లో కపోసి సార్కోమా అనే క్యాన్సర్‌కు కారణం.

ఈ తొమ్మిదింటికీ ఉన్న ఒక ఉమ్మడి లక్షణం నిద్ర. జలుబు వైరస్‌ను మన శరీరం వారం పది రోజుల్లో తుడిచేస్తుంది. హెర్పిస్ వైరస్‌లను తుడవలేదు, కాపలా కాయగలదు అంతే.

ఎక్కడ నిద్రపోతాయి? ఎలా నిద్రపోతాయి?

ఒక్కో వైరస్‌కు ఒక్కో పడకగది ఉంది. మూతి పొక్కుల వైరస్ ముఖానికి వెళ్ళే నరపు ముడిలో ఉంటుంది. ఆటలమ్మ వైరస్ వెన్నుపాము పక్కనా, తలలోనూ ఉన్న నరాల ముడుల్లో ఉంటుంది. ఎప్‌స్టీన్-బార్ వైరస్ రక్తంలోని బి కణాలలో, సైటోమెగలో వైరస్ ఎముక మజ్జలో పుట్టే కొన్ని తెల్లరక్త కణాలలో దాగుతాయి.

నిద్ర అంటే ఇక్కడ అర్థం ఏమిటి? వైరస్ తన జన్యుపదార్థాన్ని మాత్రమే కణకేంద్రకంలో చుట్టచుట్టి ఉంచుతుంది. ప్రోటీనులు దాదాపుగా తయారుచేయదు, పిల్ల వైరస్‌లను పుట్టించదు. మన రోగనిరోధక కణాలు దొంగను గుర్తుపట్టేది ఆ ప్రోటీనులను చూసే. వంట చేయని ఇంటినుంచి పొగ రానట్లే, పని చేయని వైరస్ ఆనవాలు బయటికి కనిపించదు.

ఆటలమ్మ వైరసే ముసలితనంలో అక్కిగా తిరిగి వస్తుందని గట్టిగా చెప్పినది హోప్-సింప్సన్ అనే ఇంగ్లండు కుటుంబ వైద్యుడు. ఆయన పెద్ద ప్రయోగశాలలో పనిచేసినవాడు కాదు. తన దగ్గరికి వచ్చిన అక్కి రోగుల వివరాలను 16 ఏళ్ళపాటు ఓపికగా రాసుకొని, 1965లో ఈ సిద్ధాంతాన్ని ప్రకటించాడు. వయసు పెరిగేకొద్దీ కాపలా సడలుతుంది, దాగిన వైరస్ నరం వెంట చర్మం మీదికి దిగుతుంది అన్నాడు. తర్వాత వచ్చిన జన్యు పరీక్షలు ఆయన మాట నిజమని తేల్చాయి. నోటుపుస్తకం, పెన్సిలు, ఓపిక ఉంటే పల్లెలో ఉండి కూడా సైన్సు చేయవచ్చని మన విద్యార్థులు ఇక్కడ గమనించాలి.

అక్కినే సర్పి అని కూడా అంటారు. నడుము చుట్టూ పాములా పాకి, తలా తోకా కలిస్తే ప్రాణం పోతుందని మన పల్లెల్లో ఒక భయం ఉంది. అది నిజం కాదు. ఒక నరపు ముడిలోంచి లేచిన వైరస్ ఆ నరం పరిధిలోని చర్మం మీదికే వస్తుంది. ఆ నరం శరీరానికి ఒకవైపే ఉంటుంది. అందుకే అక్కి సాధారణంగా ఒంటి మధ్యగీత దాటదు. రెండు వైపులా, ఒళ్ళంతా వచ్చిందంటే రోగి రోగనిరోధక శక్తి బాగా తగ్గిందని అర్థం, వెంటనే పెద్దాసుపత్రికి తీసుకువెళ్ళాలి.

మన అమ్మమ్మలకు తెలిసిన సంగతి

"జ్వరం తగ్గింది, మూతి పేలింది" అని మన ఇళ్ళలో అంటుంటారు. జ్వరం వేడి పెదవుల మీదుగా బయటికి వచ్చిందని వాళ్ళ వివరణ. వివరణ ఎలా ఉన్నా, గమనించినది మాత్రం సరైనదే. న్యుమోనియా, మలేరియా, ఫ్లూ వంటి జబ్బులలో వచ్చే జ్వరం, ముఖపు నరంలో నిద్రపోతున్న హెర్పిస్ సింప్లెక్స్‌ను లేపుతుంది. అది పెదవి అంచున పొక్కులుగా కనిపిస్తుంది. అంటే ఒక జబ్బు వచ్చి మరో పాత వైరస్‌ను లేపడం అనేది తరతరాలుగా మన కళ్ళముందు జరుగుతున్నదే. ఎండదెబ్బ, అలసట, దిగులు, నిద్రలేమి కూడా ఈ పని చేయగలవు.

మరి వచ్చిన కొత్త జబ్బు కూడా హెర్పిస్ కుటుంబానిదే అయితే?

లేపే మూడు దారులు

మొదటి దారి, గోల. రాత్రి హాస్టల్ గదిలో ఒకరికి కడుపు నొప్పి వచ్చి మూలిగితే మిగతావాళ్ళు లేస్తారు కదా. వైరస్ సోకిన కణం కూడా సైటోకైన్లు అనే రసాయనాలను వదిలి "ఆపద వచ్చింది" అని చుట్టూ చాటుతుంది. రక్షణ కణాలను పిలవడానికి చేసే ఈ గోల, పక్క కణంలో నిద్రపోతున్న వేరే వైరస్‌కు కూడా వినిపిస్తుంది. ఇల్లు కాలిపోతున్నదని తెలిసిన అద్దెకున్నవాడు సామాను సర్దుకొని బయటపడ్డట్టు, అది కొత్త ఇల్లు వెతుక్కోవడానికి తయారవుతుంది.

రెండవ దారి, మీట. రెండు వైరస్‌లు ఒకే కణంలో ఉంటే, ఒకదాని ప్రభావం రెండోదాని జన్యువుల మీటను నేరుగా నొక్కగలదు. ఆరవ హెర్పిస్ వైరస్ సోకిన కణాల్లో, నిద్రపోతున్న ఎప్‌స్టీన్-బార్ వైరస్ మేల్కొనే జన్యువు పనిచేయడం మొదలుపెట్టిందని 1990లలో ప్రయోగశాలల్లో చూశారు. ఇంతకన్నా వింత మరొకటి ఉంది. మన జన్యుపదార్థంలో సుమారు 8 శాతం, లక్షల, కోట్ల సంవత్సరాల నాడు మన పూర్వీకులకు సోకి వంశపారంపర్యంగా మిగిలిపోయిన రెట్రోవైరస్‌ల అవశేషాలే. ఎప్‌స్టీన్-బార్ వైరస్ సోకినప్పుడు అటువంటి ఒక అవశేషం కూడా పనిచేయడం మొదలుపెడుతుందని 2001లో తేలింది.

మూడవ దారి, కాపలా సడలడం. నరాల ముడుల దగ్గర టి కణాలు కాపలా కాస్తుంటాయి. ఇంటర్ఫెరాన్ గామా అనే రసాయనం వైరస్‌ను పడుకోబెట్టి ఉంచుతుంది. కొత్త జబ్బు వచ్చి రక్షణ వ్యవస్థ చూపు అటు మళ్ళితే ఇటు కాపలా పలచబడుతుంది. 2014లో 'సైన్స్' పత్రికలో వచ్చిన ఒక పరిశోధన దీన్ని ఎలుకల్లో చూపింది. ఎలుకలకు సోకే ఒక హెర్పిస్ వైరస్ నిద్రలో ఉండగా వాటికి కడుపులో పురుగులు పట్టేలా చేశారు. పురుగుల వల్ల పెరిగిన ఇంటర్‌ల్యూకిన్-4 అనే రసాయనం వైరస్‌ను లేపింది. పురుగు వైరస్ కాదు, ఎలుక మనిషి కాదు. అయినా ఒంట్లో ఒక మూల జరిగే సంగతికి మరో మూల నిద్రపోయేదానికి ఉన్న లంకె దీనివల్ల తెలుస్తుంది.

పట్టు స్పాంజిలో చేసిన ప్రయోగం

అన్నింటికన్నా ఎక్కువ చర్చ జరిగిన ప్రయోగం 2022లో వెలువడింది. అమెరికాలోని టఫ్ట్స్ విశ్వవిద్యాలయానికి చెందిన డానా కెయిర్న్స్, డేవిడ్ కప్లాన్, ఇంగ్లండుకు చెందిన రూత్ ఇట్జాకీ కలిసి చేశారు. పట్టు ప్రోటీను, కొల్లాజెన్ కలిపి చేసిన చిన్న స్పాంజిలో మనిషి నాడీకణాలను పెంచారు. మెదడు ముక్కకు అది ఒక నమూనా.

ఆ కణాలకు ఆటలమ్మ వైరస్‌ను మాత్రమే సోకించినప్పుడు వాపు లక్షణాలు, సైటోకైన్లు పెరిగాయి కాని, అల్జీమర్స్ వ్యాధిలో కనిపించే అమిలాయిడ్ బీటా, టౌ అనే ప్రోటీనుల పోగులు రాలేదు. తర్వాత, ముందే హెర్పిస్ సింప్లెక్స్ నిద్రపోతూ ఉన్న కణాలను తీసుకొని వాటికి ఆటలమ్మ వైరస్‌ను సోకించారు. అప్పుడు హెర్పిస్ సింప్లెక్స్ మేల్కొంది. అమిలాయిడ్, టౌ పోగుపడ్డాయి. నాడీకణాల మధ్య సంకేతాలు మందగించాయి. అంటే నేరం చేసినది రెండోది, దాన్ని లేపినది మొదటిది.

అల్జీమర్స్ అంటే ముసలితనంలో వచ్చే తీవ్రమైన మతిమరుపు జబ్బు. కన్నబిడ్డల పేర్లు కూడా మరిచిపోతారు. దానికి ఇలాంటి వైరస్‌లకు సంబంధం ఉండవచ్చని ఇట్జాకీ 1990ల నుంచి చెబుతూ వచ్చారు, చాలాకాలం ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు.

స్పాంజిలో జరిగినది మనిషి తలలో కూడా జరుగుతుందా? దీనికి వేరేవైపు నుంచి ఒక ఆధారం వచ్చింది. బ్రిటన్‌లోని వేల్స్‌లో 2013 సెప్టెంబరు 1న అక్కి టీకా పథకం మొదలైంది. 1933 సెప్టెంబరు 2న గాని ఆ తర్వాత గాని పుట్టినవారికి టీకా పొందే అర్హత ఇచ్చారు, అంతకు ముందు పుట్టినవారికి ఇవ్వలేదు. వారం పది రోజుల తేడాతో పుట్టిన ముసలివాళ్ళ మధ్య టీకా తప్ప వేరే తేడా ఏముంటుంది? సుమారు 2,80,000 మంది ఆరోగ్య వివరాలు పరిశీలించగా, టీకా వేయించుకున్నవారిలో ఏడేళ్ళలో మతిమరుపు జబ్బు దాదాపు ఐదో వంతు తక్కువగా వచ్చింది. ఇది 2025లో 'నేచర్' పత్రికలో వెలువడింది.

అంతమాత్రాన ఆటలమ్మ వచ్చిన ప్రతివారికీ మతిమరుపు వస్తుందని ఎవరూ భయపడకూడదు. మన పెద్దల్లో చాలామందికి చిన్నప్పుడు ఆటలమ్మ వచ్చింది, ఎక్కువమందికి ఈ జబ్బు రాలేదు. టీకా ఏ దారిలో మేలు చేసిందో కూడా వేల్స్ లెక్కలు చెప్పవు. వైరస్ ఒక కారణం కావచ్చు, వయసు, వంశం, బీపీ, షుగరు వంటివి మరికొన్ని కారణాలు.

మన ఉద్దానానికి దీనితో ఏం పని?

కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, పలాస, మందస, వజ్రపుకొత్తూరు మండలాల్లో కిడ్నీ జబ్బు ఎన్ని కుటుంబాలను కూల్చిందో మన హాస్టల్ పిల్లలకు వేరే చెప్పనక్కరలేదు. కొబ్బరి, జీడి తోటల్లో కష్టపడిన తండ్రి డయాలిసిస్ మంచం మీద ఉండగా ఇక్కడ చదువుకున్నవాళ్ళు మనలో ఉన్నారు. ఈ జబ్బుకు మూలకారణం ఇంకా తేలలేదు. హెర్పిస్ వైరస్‌లు దానికి కారణమని మేము చెప్పడం లేదు. మేము చెప్పదలచినది వేరు. కిడ్నీ జబ్బు ఉన్నవారిలో రోగనిరోధక శక్తి తగ్గుతుంది కనుక నిద్రపోయే వైరస్‌లు సులువుగా లేస్తాయి. అక్కి వీరికి మామూలు వారికన్నా ఎక్కువగా వస్తుంది.

ఇక కిడ్నీ మార్పిడి చేయించుకున్నవారి సంగతి. కొత్త కిడ్నీని శరీరం తిరస్కరించకుండా రోగనిరోధక శక్తిని మందులతో తగ్గించి ఉంచుతారు. కాపలావాడికే నిద్రమాత్ర ఇచ్చినట్టు. అప్పుడు మొదట లేచేవాటిలో సైటోమెగలో వైరస్ ముఖ్యమైనది. అది జ్వరం, విరోచనాలు, ఊపిరితిత్తుల జబ్బు తేవడమే కాక, రక్షణ వ్యవస్థను ఇంకా బలహీనపరచి ఇతర వైరస్‌లకు దారి ఇస్తుంది. దానితోపాటే ఆరవ, ఏడవ హెర్పిస్ వైరస్‌లు కూడా లేవడం వైద్యులు గమనించారు. అందుకే మార్పిడి తర్వాత కొన్ని నెలలు వాల్‌గాన్‌సైక్లోవిర్ వంటి మందు ఇస్తారు, రక్తపరీక్షలు చేస్తుంటారు. "ఒంట్లో బాగానే ఉంది కదా, ఈ ఖరీదైన మాత్ర ఎందుకు" అని మధ్యలో మానేస్తే ప్రమాదం.

ఇంకొక ముఖ్యమైన మాట. అక్కికి ఏసైక్లోవిర్, వాలసైక్లోవిర్ అనే మంచి మందులున్నాయి. పొక్కులు కనిపించిన 72 గంటల లోపల మొదలుపెడితే బాగా పనిచేస్తాయి. కాని ఈ మందులు ఒంట్లోంచి బయటికి పోయేది కిడ్నీల ద్వారానే. కిడ్నీలు దెబ్బతిన్నవారికి మామూలు మోతాదు ఇస్తే మందు ఒంట్లో పేరుకొని మగత, తడబాటు, లేనిపోనివి కనిపించడం వంటివి వస్తాయి. కిడ్నీలకు మరింత హాని కూడా జరగవచ్చు. అందుకని మోతాదు తగ్గించి ఇవ్వాలి. అక్కి మంట భరించలేక మందుల షాపులో అడిగి తెచ్చుకునే డైక్లోఫెనాక్, ఐబూప్రొఫెన్ వంటి నొప్పి మాత్రలు కూడా కిడ్నీలకు చేటు. కాబట్టి మన ప్రాంతంలో అక్కి వచ్చిన ఎవరినైనా డాక్టరు దగ్గరికి తీసుకువెళ్ళినప్పుడు, ఆయన అడగకపోయినా "మాది ఉద్దానం, క్రియాటినిన్ ఇంత ఉంది" అని చెప్పి పాత రిపోర్టులు చూపించాలి. క్రియాటినిన్ ఎప్పుడూ చూపించుకోనివారైతే పరీక్ష చేయమని అడగాలి. పలాసలో 2023 డిసెంబరు 14న ప్రారంభమైన 200 పడకల కిడ్నీ పరిశోధన కేంద్రం, ఆసుపత్రి మనకు దగ్గరే ఉంది.

మనం చేయవలసినవి

1. ఆటలమ్మ వచ్చిన విద్యార్థిని పొక్కులన్నీ ఎండి పక్కులు కట్టేవరకు వేరుగా ఉంచాలి. దద్దు రావడానికి ఒకటి రెండు రోజుల ముందునుంచే ఇది అంటుకుంటుంది. సోకినవారికి 10 నుంచి 21 రోజుల్లో బయటపడుతుంది. కాబట్టి ఒక కేసు వస్తే వార్డెన్ గారికి వెంటనే చెప్పాలి.

2. ఆటలమ్మ జ్వరానికి పిల్లలకు ఆస్పిరిన్ ఇవ్వకూడదు. కాలేయం, మెదడు దెబ్బతినే అరుదైన ప్రమాదం ఉంది. పారాసిటమాల్‌ను వైద్యుని సలహాతో వాడాలి. వేపాకు పెట్టుకోవచ్చు, డాక్టరును మానేయకూడదు.

3. అక్కి వచ్చినవారి పొక్కుల రసం తగిలితే, ఇంతకు ముందు ఆటలమ్మ రానివారికి ఆటలమ్మ రావచ్చు. కాబట్టి పొక్కులను బట్టతో కప్పి ఉంచాలి. గర్భిణులు, పసిపిల్లలు, డయాలిసిస్ రోగులు దగ్గరికి వెళ్ళకూడదు.

4. అక్కి రాయించడం, జేగురు పూయించడం కోసం తిరిగితే ఆ విలువైన 72 గంటలు గడిచిపోతాయి. పుండు మీద మట్టి పూస్తే చీము పట్టవచ్చు. నుదుటి మీద, ముక్కు కొస మీద పొక్కులు వస్తే కంటికి ప్రమాదం, ఆ రోజే కంటి డాక్టరుకు చూపించాలి.

5. మూతి పేలినప్పుడు ఒకరి గ్లాసు, తువాలు మరొకరు వాడకూడదు. పసిపిల్లలను ముద్దు పెట్టుకోకూడదు.

6. నులిపురుగుల మాత్ర ఇచ్చిన రోజు నోట్లో వేసుకొని బయట ఉమ్మివేయకుండా మింగాలి. దాని అసలు ప్రయోజనం రక్తహీనత రాకుండా కాపాడటం. అదొక్కటే చాలు.

7. టీకాల విషయం తెలుసుకోవాలి. ఆటలమ్మ టీకా, 2023లో మన దేశంలోకి వచ్చిన షింగ్రిక్స్ అనే రెండు డోసుల అక్కి టీకా ప్రైవేటుగా దొరుకుతున్నాయి, ఖరీదు ఎక్కువ. ప్రభుత్వ ఉచిత టీకాల పట్టికలో ఇవి లేవు. కిడ్నీ రోగులకైనా అక్కి టీకా ఉచితంగా ఇస్తే ఉద్దానానికి ఎంతో మేలు జరుగుతుంది. ఉద్యోగాల్లో స్థిరపడిన మన పూర్వ విద్యార్థులు ఈ కోరికను అధికారుల దృష్టికి తీసుకువెళ్ళాలని మా మనవి.

నిద్రపోయే వైరస్‌ను ఒంట్లోంచి పూర్తిగా వెళ్ళగొట్టే మందు ఇప్పటికి లేదు. దాన్ని నిద్రలోనే ఉంచడం మాత్రం కొంతవరకు మన చేతుల్లో ఉంది. వేళకు తిండి, చాలినంత నిద్ర, శుభ్రత, జ్వరం వస్తే దాచకుండా చెప్పడం, ఇవేవీ డబ్బుతో వచ్చేవి కావు. ఈ సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు తాతయ్య నడుము మీద ఒకవైపు మంటగా పొక్కులు కనిపిస్తే, "సర్పి చుట్టుకుంది" అని ఇంట్లోవాళ్ళు కంగారుపడితే, ఏం చేయాలో చెప్పగలిగేది చదువుకున్న మీరే. 72 గంటలు, క్రియాటినిన్ రిపోర్టు. ఈ రెండు మాటలు గుర్తుపెట్టుకొని వెళ్ళండి.